మచ్చలేని పిల్ల

మంగళవారం. అమావాస్యకు ఇంకా పదకొండు రోజులు.

దాలినాయుడూ, నీ ఎక్కిళ్ళు కాస్త తగ్గాయా నాయనా? నీ దగ్గరలో ఎవరు అబద్ధమాడినా నీకు ఎక్కిళ్ళు పట్టుకునేలా చేసినదాన్ని నేనే కాబట్టి ముందు నిన్నే అడుగుతున్నాను. పెళ్ళిచూపులు జరిగే ఇళ్ళకు వెళ్ళకు. చెంబుతో నీళ్ళు దగ్గర ఉంచుకో.

పోలమ్మా, నీ చేతులు ఎలా ఉన్నాయి? నువ్వు ముట్టుకున్నదల్లా చల్లారిపోతుంది. నీ చెయ్యి పడితే పిల్లల జ్వరాలు దిగిపోతున్నాయట, సంతోషం. కానీ నలభై ఏళ్ళొచ్చినా ఒక్కపూట వేడి గంజి తాగి ఎరగవు. ఇంకొకరి చేత నోట్లో పోయించుకోమ్మా, సిగ్గుపడకు.

గంగులూ, నీ నీడ సంగతేమిటి? ఎండ ఎటున్నా అది కీడు రాబోయే ఇంటివైపే పడుతుంది. అందుకని నువ్వు బయటికి రావడమే మానేశావని విన్నాను. అలా కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయి. మబ్బు పట్టిన రోజైనా కాస్త నడువు.

అసిరమ్మా, నువ్వు పచ్చి బాలింతవు. ఊళ్ళో ఎవరు పస్తున్నా నీ కడుపు మండుతుంది కదా, ఈ నెలలోనైనా చుట్టుపక్కలవాళ్ళు వేళకు తింటున్నారా? బిడ్డ పాలు పట్టిందా?

నాకు నాలుగు రోజులు జ్వరం. ఆటకొట్టుకు రాలేకపోయాను. ఇవాళ రెండు కొండల మధ్య తాళ్ళ వంతెన దాటి, మెట్లెక్కి వచ్చేసరికి ఊపిరి అందలేదు. కింద పాత సినిమాహాలు కప్పు మీద చేపలు ఎండబెట్టి వచ్చాను. పోటు పెరిగి నీళ్ళు ఆ కప్పు దాకా వస్తే ఏం చెయ్యాలో తెలియదు. కాకులు వస్తే ఏం చెయ్యాలో అంతకన్నా తెలియదు.

నా తర్వాత ఈ బల్ల దగ్గర ఎవరైనా కూర్చుంటే వాళ్ళకు తెలియాలని ఇది రాస్తున్నాను. నేను మూడో తరగతి దాకా చదివాను, అక్షరాలు పెద్దవిగా ఉంటాయి, ఏమనుకోకండి. ఇక్కడ ఒక ఆట తయారవుతుంది. ఆ ఆటలో ఒక ఊరు. పైన పేరుపేరునా అడిగినవాళ్ళంతా ఆ ఊరివాళ్ళే. పైనగరాల జనం వాళ్ళ ఇళ్ళలో కూర్చుని ఈ ఊరిని చూస్తారు, ముచ్చటపడినవాళ్ళకు కానుకలు పంపిస్తారు. ఆ ఊళ్ళో కొందరు పెద్దవాళ్ళుగానే పుడతారు; పసిబిడ్డైనా పెద్దవాళ్ళైనా, పుట్టిన ప్రతి మనిషికీ తన వశంలో లేనిది ఒకటి పెట్టడం నా పని. కొట్టులో దాన్ని మచ్చ అంటారు. అది వరమవుతుందో శాపమవుతుందో వాళ్ళు బతికే తీరునుబట్టి ఉంటుంది. ప్రతి మచ్చకూ విడుపు కూడా చెప్పాలి. విడుపు లేని శాపం నా నోటివెంట రాదని మొదటిరోజే చెప్పేశాను.

ఈ పనికి మనిషిని ఎంచుకున్న రోజున పదిమంది ఆడవాళ్ళను కూర్చోబెట్టి, రేపు ఏం జరగొచ్చో చెప్పమన్నారు. తక్కినవాళ్ళు పావుగంటలో ముగించారు. నన్ను సాయంత్రం దీపాలవేళ బతిమాలి ఆపారు.

నేను రాసేదంతా ఈ బల్ల మీది పెట్టె చదువుతుంది. చదివింది ఊళ్ళోకి ఎంత పోతుందో, ఎలా పోతుందో నాకు తెలియదు.

ఊరివాళ్ళ పేర్లూ మచ్చలూ రాసే పట్టీ తిరగేశాను. అసిరమ్మకు ఆడపిల్ల. పేరు సిరి. మచ్చ అన్న చోట ఖాళీగా ఉంది. నేను జ్వరంలో ఉన్న రోజునే పుట్టిందట. పట్టీ మళ్ళీ మొదటినుంచి చూశాను.

బల్ల కింద ఆ చెప్పుల జత ఇంకా అలాగే ఉంది. నీలం పట్టీలవి, ఎడమది మడమ దగ్గర అరిగింది. నాకన్నా ముందు ఇక్కడ కూర్చున్నావిడవి కాబోలు.


గురువారం. ఇంకా తొమ్మిది రోజులు.

చేపలు కాకులు తినలేదు. పిల్లి తిన్నది.

నా మీద అధికారి నివేద్య. నా చిన్నకూతురి వయసు ఉంటుంది, మంచిపిల్లే, కాని మనిషి ముఖం చూసి మాట్లాడదు, గోడమీది తెర చూసి మాట్లాడుతుంది. ఆ అమ్మాయిని పట్టుకుని అడిగాను.

“సిరికి ఇప్పుడు మచ్చ పెట్టొచ్చునా అమ్మా?”

“పెట్టలేం మామ్మా. తొలి ఏడుపు అయ్యేలోపే పెట్టాలి. అయినా ఒక్క పిల్లకు లేకపోతే ఏమైంది? సుఖంగా ఉంటుంది కదా.”

“సుఖంగా ఎన్నాళ్ళుంటుంది? పోయిన అమావాస్యకు తులసమ్మ ఇల్లు మూతపడింది. వాన రాబోతుంటే జడ ఊడిపోవడమొక్కటే ఆమె మచ్చ. అంతకుముందు కుమ్మరి అప్పన్న. కుక్క మొరిగితే ఆవులింత వచ్చేది, అంతే. దానికి ముందు సన్నాయి ఊదే పిల్లాడు. వాడికి ఎడమ చెవి దురద. చిన్నచిన్న మచ్చలవాళ్ళే పోతున్నారు.”

ఆ అమ్మాయి మొదటిసారి నావైపు తిరిగింది. “మీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. నాకు నిద్రపట్టదు. నిద్రపట్టనివాళ్ళు పోయినవాళ్ళను తలుచుకుంటూ పడుకుంటారు.”

అప్పుడు చెప్పింది. ఆటలో బేరీజు అని ఒకటి ఉందట. నెలకొకసారి, అమావాస్యనాడు, అది ఊళ్ళో అందరినీ తూచి, అందరికన్నా తేలిక మచ్చ ఉన్న మనిషిని తీసేస్తుందట.

“ఎందుకమ్మా?”

“వంక లేనివాళ్ళనే పైనగరంవాళ్ళు ఎక్కువ ఇష్టపడతారు మామ్మా. ఇష్టపడ్డవాళ్ళు పోతే ఏడుస్తారు. ఏడ్చినవాళ్ళు మళ్ళీ ఆటకొస్తారు. నేను పెట్టిన పద్ధతి కాదు. నేను రాకముందునుంచీ ఉంది.”

నేనిన్నాళ్ళూ జాలిపడి మచ్చలు తేలిక చేస్తూ వచ్చాను. సన్నాయి పిల్లాడికి ముందు మూగతనం అనుకుని, మనసొప్పక చెవి దురదతో సరిపెట్టాను. ఆ జాలే వాణ్ణి తీసుకుపోయింది.

మరి అసలు మచ్చే లేని పిల్ల?


శుక్రవారం.

రోజూ పొద్దున్నే పెట్టె ఒక కాగితం ఇస్తుంది. నిన్న ఊళ్ళో అనుకున్న మాటలు దానిమీద ఉంటాయి. మచ్చలు ఎలా పనిచేస్తున్నాయో నేను తెలుసుకోవడానికి. ఇవాళ్టి కాగితం అలాగే ఎత్తి రాస్తున్నాను.

పోలమ్మ: “ఓలప్పా, అసిరీ, నీ గుంటని సూడ్డానికి ఆకాశంలోంచి బొమ్మలు రాల్తన్నాయే! వాకిలి నిండిపోనాది. అడుగెట్టడానికి సోటు నేదు.”

అసిరమ్మ: “రాలనీ. నువ్వు ముట్టుకోకు, సల్లారిపోతాది నా పిల్ల.”

పోలమ్మ: “సాల్లేవే, నానేటి మంచుగడ్డనా? ఒసే, నాకు రేతిరి కలొచ్చినాది. ఒక ముసిల్ది ఒచ్చి, గంజి ఏడిగా తాగినావా అని అడిగినాది.”

దాలినాయుడు: “నాకూ ఒచ్చినాదప్పా. సెంబుతో నీల్లు దగ్గరెట్టుకోమంది.”

గంగులు: “నాను ఈ పక్కకి రాకూడదనుకున్నాను. తప్పక ఒచ్చినాను. అసిరమ్మా, నా నీడ మీ ఇంటేపు తిరిగిపోనాది. నిన్నట్నించీ.”

అసిరమ్మ: “ఏటన్నావు?”

గంగులు: “ఏటీ నేదు.”

దాలినాయుడికి ఎక్కిళ్ళు పట్టుకున్నట్టు ఆ తర్వాత రాసి ఉంది. ఇంకేమీ లేదు.

మధ్యాహ్నం అన్నం సయించలేదు.


సోమవారం. ఇంకా ఐదు రోజులు.

మూడు రోజులు ఆలోచించాను. ఆలోచన నాకు కొత్తేమీ కాదు, కాని ఎప్పుడూ చివర ఏమీ దొరికేది కాదు. ఈసారి దొరికింది.

నా పేరు తవిటమ్మ. నా ముందు మా అమ్మకు ముగ్గురు పుట్టి పోయారు. నేను పుట్టగానే నన్ను చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టింది. పక్కింటి గౌరప్ప వచ్చి, ఎవరో పారేసిన పిల్ల నాకు దొరికిందని ఎత్తుకుంది. మా అమ్మ ఆమెకు గుప్పెడు తవుడిచ్చి, పరాయి పిల్లనని నన్ను కొనుక్కుంది. తీసుకుపోయేవాడు వచ్చి చూస్తే ఈ ఇంట్లో పుట్టిన పిల్ల లేదు, తవుడుకొచ్చిన పిల్ల ఉంది. వాడు వెనక్కి పోయాడు. నాకు డెబ్భై మూడేళ్ళు వచ్చాయి.

నివేద్యకు చెప్పాను. “పెంటమీంచి ఎత్తుకుంటే అది మళ్ళీ పుట్టినట్టే అమ్మా. మళ్ళీ పుడితే మళ్ళీ తొలి ఏడుపు ఉంటుంది. అప్పుడు మచ్చ పెడతాను.”

ఆ అమ్మాయి నవ్వలేదు. పెట్టెను అడిగింది. పెట్టె చాలాసేపు ఆలోచించి ఒప్పుకుంది, కాని ఎత్తుకునే మనిషి పేరు ఊరి పట్టీలో ఉండాలంది.

ఎత్తుకునే మనిషి కడుపున పుట్టినవాళ్ళలో ఎవరూ పోకూడదు. అది ఆచారం. ఊళ్ళో అలాంటి ముసలమ్మ ఒక్కతీ లేదు. ఎలా ఉంటుంది, నెలనెలా బేరీజు వచ్చిపోతుంటే! నాకు ఇద్దరు కూతుళ్ళు. ఒకతె ఉప్పుపడవల మీద, ఒకతె పైనగరం వంటశాలలో. రోజూ ఏమవుతారోనని భయపడతాను గాని ఇద్దరూ బాగున్నారు.

“నా పేరు రాయమ్మా పట్టీలో.”

“మీ పేరా? మీరు బయటివాళ్ళు కదా మామ్మా.”

“గౌరప్ప మా ఇంటిదా? ఆవిడా బయటిదే.”

పేరు రాసింది. తర్వాత, “మచ్చ అన్న చోట ఏం పెట్టను? ఎవరి మచ్చ వాళ్ళే పెట్టుకోకూడదు. నన్ను పెట్టమంటారా? నాకు ఇవి చేతకావు, కాస్త టైమ్ పడుతుంది,” అంది.

గడియారం చూశాను. పదీ ఇరవైకి వర్జ్యం వస్తుంది. వర్జ్యంలో బిడ్డను ఎత్తుకుంటానా? “ఉండనీ, అది తర్వాత చూద్దాం, ముందు పిల్ల పని కానీ,” అన్నాను.

పెట్టె మూత తీసి మాట కలిపారు. నా మాట ఊళ్ళో వినబడుతుంది, ఊరి మాట నాకు వినబడుతుంది. ఈ కొండమీద వరి చూసి ఇరవై ఏళ్ళయింది, తవుడెక్కడిది! మా అమ్మ దాచిన రేకుడబ్బా తెచ్చుకున్నాను. నన్ను కొన్న తవుడు అందులోనే ఉంది. పురుగు తిని పిడికిట్లో సగమైనా లేదు. తవుడు ఇచ్చేది తల్లే, అయినా సాక్ష్యంగా నావైపు నుంచి అది బల్ల మీద పెట్టాను.

అసిరమ్మ చేటలో పిల్లను పెట్టి కుప్పమీద ఉంచింది. ఆమె వేళ్ళు చేట అంచు వదలడం లేదని దాలినాయుడు చెప్పాడు.

“వదలవే తల్లీ,” అన్నాను.

“అమ్మా, నువ్వేనా కలలోకొచ్చిందానివి?”

“నానే. వదులు.”

వదిలింది. పిల్ల ఏడ్చింది. నేను గట్టిగా, ఊరంతా వినేలా అన్నాను: “ఇదేటిది, పెంటమీద ఈ నల్లపిల్ల! ముక్కు నేదు, మొకం నేదు!”

దాలినాయుడు ఎక్కిళ్ళు పెట్టాడు.

“నాకు దొరికినాది, ఎత్తుకున్నాను గానీ ఎవలికి గావాల ఇలాటిది! కోతిపిల్ల నయం!”

మళ్ళీ ఎక్కిళ్ళు. పోలమ్మ నవ్వాపుకోలేక, “ఓరి దాలిగా, నోరు మూసుకోరా, బేరం సెడగొట్టీసేలా ఉన్నావు,” అంది. వాడు మూతి చెంబులో పెట్టాడట. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుల్లోనే తొలి ఏడుపు ఆగకముందే మచ్చ పెట్టేశాను.

అందరికన్నా బరువైనది పెట్టాను. ఎవరు ఈ పిల్లను మెచ్చుకున్నా, ఆ మెచ్చుకున్న నోరు మూసేలోపు ఆమెను మరిచిపోతారు. విడుపు: ఆమెకేమవుతుందోనని హడలిపోయి తిట్టినవాళ్ళకు మళ్ళీ గుర్తొస్తుంది.

అసిరమ్మ తవుడిచ్చింది. “పరాయి పిల్లని కొన్నాను,” అంది. పిల్లను తీసుకుంది. పది గంటల పద్దెనిమిది నిమిషాలు.

పోలమ్మ వంగి చూసి, “ఎంత బంగారంలాగుందో,” అంది. వెంటనే, “ఎవలి గుంటే ఇది, అసిరీ?” అని అడిగింది. ఎవరూ నవ్వలేదు.

“పాడుముండా, గాలి తగిల్తే సచ్చిపోతావే, మూసుకో,” అని అసిరమ్మ పిల్లను కొంగులో చుట్టుకుంది. ఆమెకు నేను చెప్పనే లేదు. తల్లికి ఎవరూ చెప్పక్కర్లేదు.


బుధవారం. ఇంకా మూడు రోజులు.

పైనగరం నుంచి సిరికి కానుకలు ఆగిపోయాయి. నిన్నటిదాకా పిల్లను ముద్దు చేసినవాళ్ళు ఇవాళ ఆ ఇంటిముందు నుంచే పోతున్నారట, ఏదో మరిచిపోయినవాళ్ళలాగా. నాకు ఊపిరి వచ్చింది.

కాగితంలో గంగులు మాట ఒకటే ఉంది.

“నీడ అసిరమ్మ ఇంటి మీంచి లేచిపోనాది. ఊళ్ళో ఏ ఇంటిమీదా నేదు. ఊరు దాటి బయటికి, ఇల్లే నేని సోటికి సాగిపోనాది. ఎంత పొడుగో! నా పాదాలకాడ మొదలెట్టి సివర కనపడ్డం నేదు.”

రెండుసార్లు చదివాను. పట్టీ తెమ్మన్నాను. అందరి పేర్ల కింద నా పేరు. దాని ఎదుట ఖాళీ.

“ఇప్పుడు పెట్టమ్మా,” అన్నాను.

నివేద్య ప్రయత్నించింది. పెట్టె ఒప్పుకోలేదు. పట్టీలో పేరెక్కిన క్షణమే బయటినుంచి వచ్చినవాళ్ళకు తొలి ఏడుపట. వర్జ్యానికి భయపడి నేను దాటేసిన క్షణం అదే.

“మీ పేరు కొట్టేయనా మామ్మా? ఒక్క మాట చెప్పండి.”

“కొట్టేస్తే?”

“ఎత్తుకున్న మనిషే లేనట్టు. సిరి మళ్ళీ మొదట్లో ఎలా ఉందో అలా అవుతుంది.”

“అలాగే ఉంచితే నన్నేం చేస్తుంది బేరీజు?”

“ఏమీ కాదు. మీరు నిజం మనిషి. పట్టీలో పేరు చెరిగిపోతుంది, అంతే.”

పెట్టె మూత సోమవారం నుంచీ తీసే ఉంది. దాంట్లోంచి ఎక్కిళ్ళు వినబడ్డాయి. ఒకటి, రెండు, మూడు. ఆగలేదు.

అప్పుడు నేను బల్ల కిందికి చూపించి అడిగాను. “ఆ నీలం చెప్పులు ఎవరివమ్మా?”

“మీవి కాదా?”

“నేను వచ్చేసరికే ఉన్నాయి. నాకు ముందు ఇక్కడ ఎవరు కూర్చున్నారు?”

ఆ అమ్మాయి నోరు తెరిచింది. గోడమీది తెరవైపు చూసింది, నావైపు చూసింది. “ఎవరో ఉండాలి,” అంది. “నేను మూడేళ్ళుగా ఇక్కడే ఉన్నాను మామ్మా. ఎవరో ఉండే ఉండాలి.” నేనే నీళ్ళిచ్చి కూర్చోబెట్టాను.

దాలినాయుడికి ఈసారి ఎక్కిళ్ళు రాలేదు.


గురువారం.

ఇంట్లో పనులు చక్కబెట్టుకున్నాను. పెద్దదానికి ఉప్పుపడవ వేళ కనుక్కుని మిగిలిన చేపలు మూటగట్టి పంపాను. చిన్నదానికి నా మందపు దుప్పటి. ఎందుకని అడిగితే చలికాలం వస్తోందని చెప్పమన్నాను.

పన్నెండింటికి గడప దగ్గర కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతుంటే గడపమీద నీడ పడింది. తలెత్తితే మనిషి లేడు. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. నా నీడ నా కిందే ఉంది. అదింకొకరిది, బయటినుంచి వచ్చి నా గడప దగ్గర ఆగింది. గంగులూ, అది నీదేనని తెలుసు, నీ తప్పేమీ లేదు, బాధపడకు. చేట పక్కకు జరుపుకుని పప్పు ఏరడం ముగించాను. సగంలో వదిలితే పురుగు పడుతుంది.


శుక్రవారం.

నివేద్య పొద్దున మళ్ళీ అడిగింది. కొట్టేయొద్దన్నాను.

“ఎందుకు మామ్మా? అది ఆటలో పిల్ల.”

“నన్ను ఎత్తుకున్నప్పుడు గౌరప్పకు నేనెవర్ని?” అన్నాను.

ఆ అమ్మాయి ఏడ్చింది. తెర చూడలేదు, నన్నే చూస్తూ ఏడ్చింది. ఒక మాట అడిగాను దాన్ని. రేపటినుంచి నన్ను మెచ్చుకోవద్దు, తలుచుకున్నప్పుడల్లా తిట్టమన్నాను. వర్జ్యాలు చూసే పిచ్చిముసలిది, మెట్లమీద పడి చస్తుందేమోనని నన్ను హడలగొట్టింది అని తిట్టమన్నాను. ఆ విడుపు సిరికి పెట్టింది, నాది కాదు, నాకు పనిచేస్తుందో లేదో తెలియదు. అయినా చెప్పాను. నాకు ముందు ఇక్కడ కూర్చున్నావిడా ఇలాగే పట్టీ ఎక్కి చెరిగిపోయి ఉంటుంది, ఆమెను అలా తిట్టేవాళ్ళు ఎవరూ లేకపోయారు. ఆవిడ పేరు ఎవరికీ తెలియదు. నా పేరు తవిటమ్మ. మళ్ళీ రాస్తున్నాను, తవిటమ్మ. తర్వాత వచ్చేవాళ్ళు ముందు మీ మచ్చ పెట్టించుకుని, ఆ తర్వాతే పట్టీ ఎక్కండి. వర్జ్యం పోతే పోనీయండి.

ఇవాళ్టి కాగితం చివర అసిరమ్మ మాట ఉంది.

“ఎత్తుకున్నమ్మ బిడ్డని ఒకపాలి ఒడిలో ఏసుకోవాల గదా. ఎప్పుడొస్తాదో అడగండే. కడుపు మండతంది నాకు. ఆవిడెక్కడో తిండి మానీసినాది.”

మానేశాను అసిరమ్మా, నీకు తెలిసిపోతుందని మరిచాను. ఇప్పుడే రెండు ముద్దలు తింటాను, నీ కడుపు చల్లబడాలి.

చెప్పులు విప్పి బల్ల కింద నీలం జత పక్కన పెట్టాను. వంతెన మీద కాళ్ళు కాలుతాయి, పరవాలేదు, మళ్ళీ దాటే పని ఒక్కసారే.

గంగులూ, ఎదురు రావద్దు, నీ నీడ పట్టుకుని నేనే వస్తాను. దాలినాయుడూ, పిల్ల బాగోలేదని నేనంటాను, నువ్వు చెంబు మరిచిపోకు. పోలమ్మా, గంజి నువ్వు ముట్టుకోకు, అసిరమ్మను కాచమను, నీకు నేను పోస్తాను, ఇద్దరం వేడిగా తాగుదాం. నేను వచ్చేదాకా పిల్లను ఎవరూ బాగుందనకండి.

రేపు శనివారం, అమావాస్య. పొద్దున్నే వస్తాను.